పోస్టుకార్డు మందం సందు

మద్దిలేటి ఆ ముందు బ్రేకును విప్పడం అది మూడోసారి.

బండి ఓబులేసుది. ఓబులేసు పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటు. బేతంచెర్ల చుట్టూ ఉన్న కొండ పల్లెల్లో ఏ బర్రె ఈనలేక అవస్థపడినా, ఏ మందకు జబ్బు చేసినా ఆ బండి మీదే పరిగెత్తాలి. ఇప్పుడు జబ్బు బండికే వచ్చింది. చెప్పుకోడానికి అది చిన్న జబ్బే. పొద్దున తీసినప్పుడు బ్రేకు భేషుగ్గా ఉంటుంది. ఆరేడు కిలోమీటర్లు పోయి, కొండ దిగుడులో నాలుగుసార్లు లివరు నొక్కాడంటే ఇక ముందు చక్రాన్ని వదలదు. చెయ్యి తీసేసినా పట్టుకునే ఉంటుంది. డిస్కు కాలిపోతుంది, బండి మూలుగుతుంది. పక్కన ఆపి అరగంట కూర్చుంటే తనంతట తనే వదిలేస్తుంది. తీరా దుకాణానికి తెస్తే, పాపం పుణ్యం ఎరగనట్టు చక్రం గిర్రున తిరుగుతుంది.

మొదటిసారి మద్దిలేటి డిస్కును కరిచిపట్టే క్యాలిపరు ఊడదీసి, పిస్టన్లు కడిగి, పిన్నులకు గ్రీజు పెట్టి ఇచ్చాడు. వారానికి బండి తిరిగొచ్చింది. రెండోసారి ప్యాడ్లు మార్చాడు, సీళ్లు మార్చాడు, ఆయిలు మార్చాడు. పది రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి తనే కొండ దాకా తోలుకుపోయి, బ్రేకు పట్టుకోగానే కింద ఆయిలు తీసే నిప్పుల్ మర కాస్త వదిలి చూశాడు. ఆయిలు చివ్వున చిమ్మింది, చక్రం వదిలింది. అంటే నొక్కిన ఆయిలు వెనక్కి పోవడం లేదు. హోసు లోపల ఉబ్బి దారి మూసుకుంది కాబోలు అనుకుని హోసు మార్చాడు. ఇంక వస్తే అడుగు అన్నాడు.

ఐదో రోజు ఓబులేసు దుకాణం ముందు బండి ఆపి, దిగి, తాళం బల్ల మీద పెట్టాడు. ఎదురుగా టీ అంగట్లో నలుగురు కూర్చుని ఉన్నారు.

"ఏమప్పా మద్దిలేటీ," అన్నాడు. "అప్పుడంటే పెద్దాయన చేతులు వణుకుతాండె. ఇప్పుడెవరి చేతులు వణుకుతాండాయి?"

బేతంచెర్లలో ముందు బ్రేకంటే మద్దిలేటి. దుకాణం గోడ మీద నీలం రంగుతో రాయించాడు కూడా, 'ముట్టుకుంటే పట్టాలి' అని. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలకు పోయి వచ్చేవాళ్లంతా ఆ గోడ చూసే బండి తిప్పేవాళ్లు. దాని కిటుకు అతను ఎవరికీ చెప్పడు. మనం చెప్పుకుంటే తప్పులేదు. హ్యాండిలు దగ్గర బ్రేకు లివరుకూ, లోపల అది నెట్టే పిస్టన్‌కూ మధ్య కాస్త సందు ఉంటుంది. లివరు ఆ సందు దాటాకే బ్రేకు పని మొదలవుతుంది. ఆ ఉత్తి కదలిక మద్దిలేటికి గిట్టదు. గోరంత ఇత్తడి రేకు కత్తిరించి, లివరు ముక్కుకు లోపలివైపు అతికిస్తాడు. సందు మాయమవుతుంది. వేలు తగిలిందో లేదో బ్రేకు పడుతుంది. బండి తీసుకున్నవాడు రెండు గజాలు పోయి 'అబ్బ!' అంటాడు. ఆ ఒక్క 'అబ్బ' కోసం మద్దిలేటి మధ్యాహ్నం అన్నం మానేసి అయినా కూర్చుంటాడు.

అతని గురువు హుసేన్‌పీరాది పూర్తిగా వేరే దారి. ఊరంతా ఆయన్ని ఉస్తాద్ అనే పిలుస్తుంది. తీగల బ్రేకుల కాలం నుంచీ ఆయన చొక్కా జేబులో పాత పోస్టుకార్డు నుంచి సన్నగా కత్తిరించిన ముక్క ఒకటి ఉండేది. ఏ బండి పని ముగించినా ఆ ముక్కను లివరు సందులో దూర్చి చూసేవాడు. దూరితే అప్పగించేవాడు. దూరకపోతే గిరాకీ ఎంత తొందరపెట్టినా మళ్లీ కూర్చునేవాడు.

"పోస్టుకార్డు మందం సందు ఉండాల మద్దీ," అనేవాడు.

"ఎందుకు ఉస్తాద్?" అని అడిగితే నవ్వేవాడు. "ఉండాల," అనేవాడు మళ్లీ.

పదిహేనేళ్లు ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకున్న మద్దిలేటికి, కాస్త పేరొచ్చాక ఆ ముక్క చాదస్తంగా కనిపించసాగింది. పేరుతోపాటు కొమ్ములు కూడా మొలుస్తాయి మరి. ఉస్తాద్ చూడకుండా చివర్లో రేకు పెట్టేవాడు. చాలా బండ్లకు లివరు అరిగిపోయి ఉంటుంది కాబట్టి, రేకు పెట్టినా ఎంతో కొంత సందు మిగిలేది. ఎవరికీ ఏమీ కాలేదు. మెచ్చుకోలు మాత్రం మిగిలింది.

రెండేళ్ల కిందటి సంగతి ఒకటి ఉంది. ఊళ్లో అందరికీ తెలిసిందే.

అప్పుడు ఓబులేసుకు వేరే బండి ఉండేది. దాని ముందు బ్రేకు ఉస్తాదే స్వయంగా చేశాడు. విరిగిన లివరు తీసి కొత్తది వేశాడు, లోపలి కిట్టు కొత్తది వేశాడు. చివరి చూపు చూసి అప్పగించింది మద్దిలేటి. మూడో రోజున కొండ దిగుడులో ముందు చక్రం పట్టేసి ఓబులేసు ఎగిరి పడ్డాడు. మణికట్టు విరిగింది. బండిని ఆటోలో వేసి తెచ్చారు. చేతికి కట్టుతో ఓబులేసు దుకాణం ముందు నిలబడి నానా మాటలూ అన్నాడు. టీ అంగట్లోవాళ్లు, దారిన పోయేవాళ్లు గుమిగూడారు. అప్పటికే ఉస్తాద్ చేతులకు వణుకు మొదలైంది. అందరి చూపూ ఆ చేతుల మీదే పడింది.

ఉస్తాద్ ఎవరికీ జవాబు చెప్పకుండా పడిన బండి దగ్గర కూర్చున్నాడు. జేబులోంచి పోస్టుకార్డు ముక్క తీసి లివరు దగ్గర ఏదో చూశాడు. లేచి, "మద్దీ, ఒక్క మాట," అన్నాడు.

మద్దిలేటికి జనం ముందు తల కొట్టేసినట్టుగా ఉంది. దుకాణం పేరు ఏమవుతుందోనన్న భయం ఒకటి. "నువ్వేం చెప్పొద్దు ఉస్తాద్!" అన్నాడు. "చూసినావు గదా జరిగింది! ఆ చేతుల్తో ఇంక పని ముట్టొద్దు. ఇంటికాడ కూర్చో. నేను చూసుకుంటా." అంటూనే ఆయన చేతిలోని పానా లాక్కుని డబ్బాలో పడేశాడు.

పదిహేనేళ్లలో ఉస్తాద్‌ను అతను 'నువ్వు' అనడం అదే మొదటిసారి. అన్నాక తన చెవికే అదోలా వినిపించింది. అయినా నాలుక వెనక్కి తిరగలేదు.

ఉస్తాద్ చేతిలో మిగిలిన పోస్టుకార్డు ముక్కను బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత దుకాణం మెట్టు ఎక్కలేదు. మొదటి రంజానుకు మద్దిలేటి పండ్లు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు. ఆయన ఎప్పటిలాగే పక్కన కూర్చోబెట్టుకుని సేమ్యా పాయసం పెట్టాడు. ఆ మంచితనం మద్దిలేటికి గొంతు దిగలేదు. రెండో రంజానుకు పని ఎక్కువగా ఉందని తనకు తనే చెప్పుకుని వెళ్లలేదు.

ఇప్పుడు ఓబులేసు తాళం బల్ల మీద పడి ఉంది. ఈ బండిని ఉస్తాద్ కంటితో కూడా చూడలేదు.

మద్దిలేటి చేతులు తుడుచుకుని ఆ బండే ఎక్కాడు. ఊరి చివర నాపరాళ్ల మిద్దె ముందు ఆపాడు.

ఉస్తాద్ పంచన నీడలో కూర్చుని విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. ఒక పక్క కాయల గుట్ట, ఒడిలో చాట. విత్తనపు గింజ ఒలవడం కాయ నలగ్గొట్టినంత తేలిక కాదు. పైపొర చిట్లినా, గింజ రెండుగా చీలినా అది మొలవదు. ఉస్తాద్ చేతులు మునుపటికంటే ఎక్కువ వణుకుతున్నాయి. కాయ అందుకునేదాకా గాలిలో తడబడతాయి. కాయ వేళ్లకు తగలగానే నిలబడిపోతాయి. బొటనవేలితో చిన్న నొక్కు, అంతే. చాటలోకి నిండు గింజ జారుతుంది. మద్దిలేటి వద్దనుకుంటూనే చాటలోకి చూశాడు. చీలిన గింజ ఒక్కటీ కనిపించలేదు.

"రా మద్దీ," అన్నాడు ఉస్తాద్, నిన్న సాయంత్రం విడిపోయినవాళ్లలాగా. "ఇంట్లో అందరూ బాగుండారా?"

"బాగుండారు ఉస్తాద్." మద్దిలేటి కూర్చోలేదు. "ఒక బండి సతాయిస్తాంది."

"చెప్పు."

మద్దిలేటి అంతా చెప్పాడు. క్యాలిపరు, ప్యాడ్లు, సీళ్లు, ఆయిలు, హోసు. చెబుతూ ఉంటే తనకే కాస్త గొప్పగా అనిపించింది, ఇంత చేశాను కదా అని. ఉస్తాద్ కాయలు ఒలుస్తూనే విన్నాడు.

"డిస్కు వంకర పోయిందేమో?"

"లేదు ఉస్తాద్. చూసినా."

"చక్రం బేరింగు?"

"అదీ చూసినా. కింద ఇంక చూడాల్సింది ఏం మిగల్లేదు."

"కిందంతా చూసినావు," అన్నాడు ఉస్తాద్. చాట పక్కన పెట్టి, ఒడి దులుపుకుని లేచాడు. "పద. కొండకాడికి పోదాం."

ఉస్తాద్ వెనక కూర్చుని అతని భుజం మీద చెయ్యి వేశాడు. చొక్కా మీంచి ఆ వణుకు మద్దిలేటికి తెలుస్తూనే ఉంది. పని నేర్చుకునే రోజుల్లో ఉస్తాద్ బండి నడిపేవాడు, తను వెనక కూర్చునేవాడు. బ్రేకు చప్పుడు చెవితో వినమనేవాడు. పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర దారంతా తెల్లటి రాతి బురద ఎండి దుమ్మయి లేస్తోంది. దాన్ని దాటాక కొండ మొదలైంది. ఎక్కారు, తిరిగి దిగుతూ మద్దిలేటి కావాలనే నాలుగైదుసార్లు బ్రేకు నొక్కాడు. ఐదోసారికి బండి ముందుకు పోనని మొరాయించింది. లివరు వదిలేసినా చక్రం పట్టుకునే ఉంది. మాడిన వాసన వచ్చింది.

"ఆపు," అన్నాడు ఉస్తాద్. "స్టాండెయ్."

మద్దిలేటి బండిని నడి స్టాండు మీద నిలబెట్టి వెనక సీటు నొక్కాడు. ముందు చక్రం నేల వదిలింది. ఉస్తాద్ కాలితో తోసి చూశాడు. చక్రం కదల్లేదు.

"చల్లారేదాకా కూర్చుందామా ఉస్తాద్?"

"చల్లారితే ఏం కనపడుతుంది? వేడి మీదనే చూడాల."

మద్దిలేటి అలవాటుగా పానా తీసుకుని చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఉస్తాద్ వంగి, అతని రెక్క పట్టుకుని మెల్లగా పైకి లేపాడు.

"పైన," అన్నాడు.

"పైనేముంది ఉస్తాద్? ఉండేది లివరే గదా."

ఉస్తాద్ జేబులోంచి ఏదో తీశాడు. పోస్టుకార్డు ముక్క. అంచులు ఇంకా మాయలేదు, ఈమధ్యే కత్తిరించుకున్నట్టుంది. రెండేళ్లుగా పానా పట్టని మనిషి ఆ ముక్కను జేబులో ఎందుకు పెట్టుకు తిరుగుతున్నాడో మద్దిలేటికి అర్థం కాలేదు.

ఉస్తాద్ ఆ ముక్కను లివరుకూ పిస్టన్‌కూ మధ్య పెట్టి తోశాడు. అది దూరలేదు. మడత పడింది.

"లివరు బోల్టు తియ్," అన్నాడు.

మద్దిలేటి పది నంబరు పానాతో బోల్టు విప్పి లివరు బయటికి లాగాడు. లోపల పిస్టన్ టిక్కుమని వెంట్రుకవాసి వెనక్కి వచ్చింది. ఉస్తాద్ వెనక సీటు నొక్కి పట్టుకోగానే, మద్దిలేటి కాలితో చక్రం తోశాడు.

చక్రం తిరిగింది. ఆగకుండా తిరుగుతూనే ఉంది.

క్యాలిపరు ముట్టలేదు. నిప్పుల్ వదల్లేదు. మద్దిలేటి చేతిలోని లివరు వైపు చూశాడు. దాని ముక్కు దగ్గర ఇత్తడి రేకు ఎండకు తళతళమంటోంది. తను పెట్టిందే. ఎంత పొందికగా అతికించాడో, లివరుతోనే పుట్టినట్టుంది.

పానా పట్టినవాడికి ఆ తర్వాత ఒకరు చెప్పనక్కరలేదు. రేకు పెట్టాక పిస్టన్ పూర్తిగా వెనక్కి రాలేదు, ఆయిలు తిరిగి పోయే కంతకు అడ్డంగా నిలిచింది. వేడికి ఆయిలు పొంగింది. పొంగిన ఆయిలు పైనున్న ఆయిలు డబ్బాలోకి పోవడానికి దారి లేదు. పోలేక చక్రాన్నే పట్టుకుంది. చల్లారితే వదిలింది. అది వదిలాక తను దాన్ని దుకాణంలో విప్పి, లేని జబ్బుకు మందు వేస్తూ వచ్చాడు.

ఉస్తాద్ చెయ్యి చాచాడు. మద్దిలేటి లివరు ఇచ్చాడు. ఆ చెయ్యి గాలిలో వణికింది. గోరు రేకు అంచుకు తగిలాక వణకలేదు. ఒక్క గీకుతో రేకు ఊడి కింద పడింది. లివరు మళ్లీ బిగించాక ఉస్తాద్ ముక్కను సందులో పెట్టాడు. అది మెత్తగా దూరింది.

కొండ మూడుసార్లు ఎక్కి దిగారు. నొక్కితే పట్టింది, వదిలితే వదిలింది.

కింద దిగాక ఉస్తాద్ అడిగాడు. "ఇట్లాంటివి ఇంకా ఎన్ని బండ్లకు పెట్టినావు?"

"చానా వాటికి పెట్టినా ఉస్తాద్."

"అన్నీ పిలిపించి తీసెయ్. దిగుడులో పోయే బండ్లు ముందు చూడు."

"అన్నిటికీ ఏం కాదులే ఉస్తాద్," అన్నాడు మద్దిలేటి, ఇంకా కాస్త తన పనిని తను కాచుకుంటూ. "లివరు అరిగిన బండ్లకు రేకు పెట్టినా సందు మిగులుతాది. దీనికి పోయిన నెల కొత్త లివరు ఏసినా, అందుకే ఇట్లయింది. కొత్త లివరు..."

అతని మాట అక్కడే ఆగిపోయింది.

ఓబులేసు పాత బండికి కూడా ఉస్తాద్ కొత్త లివరే వేశాడు. చివరి చూపు మద్దిలేటిది. ఆ చివరి చూపులో తను ఏం చేశాడో ఇప్పుడు వేళ్లకు సహా గుర్తొచ్చింది. ఆ రోజు టీ అంగడి రేడియోలో క్రికెట్ వస్తోంది. రేకు కాస్త పెద్దదై, అంచు కత్తిరించి మరీ పెట్టాడు.

పడిన బండి దగ్గర ఉస్తాద్ కూర్చుని చూసింది ఆ సందునే. లేచి ఒక్క మాట అన్నది దాని గురించే. బల్ల మీద పెట్టి వెళ్లిన పోస్టుకార్డు ముక్కతో మద్దిలేటి మర్నాడు పొద్దున డబ్బాలో అడుగంటిన గ్రీజు గీరి, చెత్తలో పారేశాడు.

దారి పక్కన రాయి మీద కూలబడ్డాడు. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది. ఆ రెండేళ్లు ఇప్పుడు ఎవరు తెచ్చిస్తారు? ఉస్తాద్ కొంచెం దూరంలో నిలబడి కొండ వైపు చూస్తూ ఉన్నాడు. తొందర పెట్టలేదు.

దుకాణానికి వచ్చేసరికి ఓబులేసు టీ అంగట్లో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మద్దిలేటి వెనక ఉస్తాద్ దిగడం చూసి లేచి నిలబడ్డాడు.

మద్దిలేటి తాళం అతని చేతిలో పెట్టాడు. "బండి బాగైంది. ఓబులేసన్నా, నీ పాత బండిని గూడా చెడగొట్టింది నేనే. ఆ పొద్దు నువ్వు కింద పడింది నా పనితనంతోనే. ఉస్తాద్ చేసిన దాంట్లో ఏ తప్పూ లేదు." ఆ మాట అంగట్లోవాళ్లందరికీ వినపడేలా అన్నాడు. ఆ రోజు ఎంత గట్టిగా అరిచాడో అంత గట్టిగా అనాలనుకున్నాడు గానీ, గొంతు అంత లేవలేదు.

ఓబులేసు తాళం వైపు చూశాడు, ఉస్తాద్ వైపు చూశాడు. కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని తిప్పుకున్నాడు. అది ఇప్పటికీ పూర్తిగా తిరగదు.

"నేను గూడా నోరు పారేసుకుంటి పెద్దాయనా," అన్నాడు నెమ్మదిగా. "ఏమేమో అంటి."

"చెయ్యి ఎట్లుందప్పా ఇప్పుడు?" అన్నాడు ఉస్తాద్. "చలికాలం నొప్పి పుడుతుందా?"

ఓబులేసు తల అడ్డంగా ఊపాడు. అబద్ధమని అందరికీ తెలుసు.

మద్దిలేటి డబ్బాలోంచి ఉస్తాద్ పాత పానా వెతికి తీశాడు. గుడ్డతో తుడిచి, రెండు చేతులతో ఆయనకు అందించాడు. "రేపటి నుంచి రండి ఉస్తాద్. మీ పీట అట్లనే ఉంది."

ఉస్తాద్ పానా తీసుకున్నాడు. దాని బరువు చూస్తున్నట్టు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు. అప్పుడు మద్దిలేటి ఆ అరచేతిని చూశాడు. నలభై ఏళ్ల పానా పట్టుకు కాయలు కాచి, అట్టకట్టుకుపోయిన చెయ్యి అది. ఎండలో ఇంజను ముట్టినా కాలేది కాదు. ఇప్పుడు ఆ కాయలు లేవు. తోలు మెత్తబడి, ముడతలు పడి, ఎవరో ముసలాయన చెయ్యిలా ఉంది.

ఉస్తాద్ పానాను తిరిగి మద్దిలేటి చేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"మా అమ్మాయి విత్తనం ఒలిచి పెట్టమనింది," అన్నాడు. "దుక్కికి పదును వచ్చిందంట. ఇంటికాడ దింపు."

మద్దిలేటి దింపాడు. దింపి వెళ్లిపోలేదు. ఉస్తాద్ పంచన కూర్చుని చాట ఒడిలోకి లాక్కోగానే, తనూ ఎదురుగా కూర్చుని కాయ ఒకటి తీసుకున్నాడు. అతని వేళ్లు గట్టివి. మొదటి కాయ నొక్కీ నొక్కగానే లోపలి గింజ రెండుగా చీలింది. రెండోదీ అంతే. ఉస్తాద్ ఏమీ అనకుండా చీలిన గింజలను ఏరి వేరే గిన్నెలో వేశాడు. అవి చట్నీకి తప్ప పనికిరావు.

నాలుగైదు కాయలయ్యాక మద్దిలేటి చేతులు ఆగాయి. అడగకుండా లేచిపోతే బాగుండునని ఉంది. అడగకుండా బతకలేననీ ఉంది.

"ఉస్తాద్, ఆ పొద్దే మీకు తెలుసు గదా? రేకు చూసినారు గదా?"

ఉస్తాద్ తల ఊపాడు.

"ఊరంతా మిమ్మల్ని అంటాంటే రెండేళ్లు ఊరికే ఉండారు. ఒక్క మాట నాకు ఎందుకు చెప్పలేదు ఉస్తాద్?"

ఉస్తాద్ చేతిలో కాయ చిన్నగా చిట్లింది. నిండు గింజలు రెండు చాటలోకి జారాయి. ఆయన తల ఎత్తి మద్దిలేటిని చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే మద్దిలేటికి కాస్త తేలికయ్యేది.

"నువ్వు సందియ్యలేదు గదప్పా," అన్నాడు.